డబుల్స్‌నే నమ్ముకున్నవారి దారి: బోపన్న వీడ్కోలు వెనుక ఉన్న చరిత్ర

రోహన్ బోపన్న 2025 నవంబర్ 1న ప్రొఫెషనల్ టెన్నిస్‌కు వీడ్కోలు పలికాడు. అప్పటికి అతనికి 45 ఏళ్లు. రెండు దశాబ్దాలు దాటిన కెరీర్‌లో 26 ఏటీపీ (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌ను నడిపే సంఘం) డబుల్స్ టైటిళ్లు, రెండు గ్రాండ్‌స్లామ్ ట్రోఫీలు అతని ఖాతాలో చేరాయి. 43వ ఏట ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు కూడా దక్కింది. ఆ కబురు వచ్చాక, బెంగళూరులో పిల్లల్ని టెన్నిస్ కోచింగ్‌కు తిప్పే తెలుగు కుటుంబాల్లో ఒక పాత ప్రశ్న మళ్లీ వినిపిస్తోంది. వైట్‌ఫీల్డ్‌లోనో మారతహళ్లిలోనో కోర్టు పక్కన కూర్చున్న తల్లిదండ్రులు కోచ్‌ను అడిగేది అదే: "సార్, మావాడు నెట్ దగ్గర బాగా ఆడతాడంటున్నారు కదా, డబుల్స్‌నే నమ్ముకుంటే బతకగలడా?" దీనికి నిజాయితీగా జవాబు చెప్పాలంటే పిల్లవాడి ప్రతిభ ఒక్కటి చూస్తే చాలదు. డ్రాలోకి, అంటే టోర్నీలో ఆడేవారి జాబితాలోకి, ఎవరిని రానివ్వాలని నిర్వాహకులు ఎప్పుడెప్పుడు ఎలా నిర్ణయించారో కూడా తెలియాలి. బోపన్న కెరీర్ కూడా అలాంటి ఒక నిర్ణయం మీదే నిలబడింది.

డబుల్స్ ఒక్కటే ఆడి బతికే ఆటగాడు టెన్నిస్‌లో మొదటి నుంచీ లేడు. సింగిల్స్ ఆడేవాళ్లే డబుల్స్ కూడా ఆడేవారు. దేశాల మధ్య జరిగే డేవిస్ కప్ 1966 ఛాలెంజ్ రౌండ్‌లో, అంటే ఫైనల్లో, ఆస్ట్రేలియా చేతిలో 4-1తో ఓడిన భారత్‌కు దక్కిన ఒకే ఒక్క పాయింటు డబుల్స్‌దే. మద్రాసుకు చెందిన రామనాథన్ కృష్ణన్, కలకత్తాకు చెందిన జయదీప్ ముఖర్జీ కలిసి మెల్‌బోర్న్‌లో న్యూకోంబ్, రోచ్ జోడీని ఓడించారు. కృష్ణన్ అంతకుముందే రెండుసార్లు వింబుల్డన్ సింగిల్స్ సెమీఫైనల్ ఆడినవాడు. 1976లో విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులు వింబుల్డన్ డబుల్స్ సెమీఫైనల్‌కు చేరినప్పుడు కూడా ఇద్దరూ సింగిల్స్ ఆటగాళ్లే. ఏటీపీ డబుల్స్‌కు ప్రత్యేకంగా ర్యాంకులు ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఏడాదే. ఆ తర్వాత కూడా కొన్నేళ్ల పాటు మెకన్రో, ఎడ్‌బర్గ్ లాంటివారు రెండింటిలోనూ నంబర్ వన్ అనిపించుకున్నారు. సింగిల్స్ బహుమతి సొమ్ము పెరిగేకొద్దీ, ఆట శారీరకంగా కఠినమయ్యేకొద్దీ అగ్రశ్రేణి ఆటగాళ్లు డబుల్స్‌కు దూరమయ్యారు. వాళ్లు ఖాళీ చేసిన చోటే డబుల్స్ స్పెషలిస్టులు పుట్టుకొచ్చారు.

ఆ ఖాళీని భారతీయులు అందిపుచ్చుకున్నంతగా మరెవరూ అందిపుచ్చుకోలేదేమో అనిపిస్తుంది. దానికి మద్రాసులో వేసిన పునాది గట్టిది. 1985లో అక్కడ మొదలైన బ్రిటానియా అమృత్‌రాజ్ టెన్నిస్ పథకంలో లియాండర్ పేస్ చిన్నప్పుడే చేరాడు. అదే నగరంలో పుట్టిన మహేశ్ భూపతి 1997లో జపాన్‌కు చెందిన రికా హిరాకితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ నెగ్గి, గ్రాండ్‌స్లామ్ టైటిల్ అందుకున్న తొలి భారతీయుడయ్యాడు. 1999లో పేస్, భూపతి జోడీ నాలుగు గ్రాండ్‌స్లామ్‌ల ఫైనల్స్‌కూ చేరి ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ గెలిచింది. మన దేశంలో డబుల్స్‌ను ఒక వృత్తిగా చూడడం నిజానికి ఆ ఏడాదితో మొదలైందనాలి. అంతకుముందు అది సింగిల్స్‌లో నెగ్గలేనివాడికి మిగిలే పని అన్న చులకన భావం ఉండేది. ఆ భావం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అది అన్యాయమని నా అభిప్రాయం.

ఎందుకు అన్యాయమో తెలియాలంటే ఒక్క పాయింటును దగ్గరగా చూస్తే చాలు. సర్వీస్ చేసేవాడు బంతిని నేలకు కొట్టుకుంటూ ఉంటాడు. అతని జోడీ నెట్ దగ్గర, సరిగ్గా మధ్యగీత మీద, తల నెట్ కంటే కిందికి దిగేలా వంగి కూర్చుని, ఎడమ చేతిని వీపు వెనక్కి పెట్టి వేళ్లతో సైగ చేస్తాడు. సర్వీస్ పడగానే తాను ఏ పక్కకు దూకేదీ లేదా ఉన్నచోటే నిలిచేదీ ఆ వేళ్లే చెబుతాయి. సర్వీస్ గీతల కూడలిలో వేయాలా, ఒంటి మీదికి వేయాలా, పక్కకు వేయాలా అన్నది అంతకు ముందే బంతిని నోటికి అడ్డం పెట్టుకుని ఇద్దరూ గుసగుసగా అనుకుంటారు. ఎదుటివాడు బంతిని తిరిగి కొట్టే లోపు ఒకడు ఒక పక్కకు, రెండోవాడు ఇంకో పక్కకు కదిలిపోవాలి. లెక్క తప్పితే సగం కోర్టు ఖాళీగా కనిపిస్తుంది. సింగిల్స్‌లో ఎంత గొప్పవాడైనా ఈ పని సాధన లేకుండా రాదు. రిటర్న్‌ను నెట్‌కు ఆనించినట్టు కిందికి దించడం, వాలీకి, అంటే బంతిని నేల తాకకముందే కొట్టడానికి, చేతిని తక్కువగా కదిలించడం, జోడీ కదలికను చూడకుండానే పసిగట్టడం ఏళ్ల తరబడి నేర్చుకునే విద్యలు.

ఈ విద్య మీద బతికేవారి నోట్లో మట్టి కొట్టే ప్రతిపాదన 2005లో వచ్చింది. డబుల్స్‌కు ప్రేక్షకులు రావడం లేదని, నిర్వాహకులకు ఖర్చు తప్ప ఆదాయం లేదని ఏటీపీ కొన్ని మార్పులు ప్రకటించింది. సెట్‌ను ఐదు గేముల్లోనే ముగించడం, డ్యూస్ (40-40 సమం) దగ్గర అడ్వాంటేజ్ లేకుండా ఒకే పాయింటుతో గేమ్ తేల్చడం అందులో ఉన్నాయి. అన్నిటికంటే ప్రమాదకరమైనది ప్రవేశ నిబంధన. 2008 నాటికి డబుల్స్ డ్రా దాదాపుగా అదే టోర్నీలో సింగిల్స్ ఆడేవాళ్లకే పరిమితం కావాలని ఆ ప్రణాళిక చెప్పింది. అమెరికా జోడీ బ్రయాన్ సోదరులు సహా పలువురు డబుల్స్ ఆటగాళ్లు అమెరికాలో కోర్టుకెక్కారు. ఆ ఏడాది చివరికి రాజీ కుదిరింది. ఐదు గేముల సెట్లు పోయాయి, స్పెషలిస్టులకు తలుపు మూసే నిబంధన పోయింది. దానికి బదులుగా ఏటీపీ టోర్నీల్లో డ్యూస్ దగ్గర ఒకే నిర్ణాయక పాయింటు, మూడో సెట్‌కు మారుగా పది పాయింట్ల సూపర్ టైబ్రేక్ వచ్చాయి.

ఆ 2005లో బోపన్నకు 25 ఏళ్లు. కూర్గ్‌లో కాఫీ తోటల కుటుంబంలో పెరిగి, 2003లో ప్రొఫెషనల్‌గా మారి, కింది స్థాయి టోర్నీల్లో సింగిల్స్, డబుల్స్ రెండూ ఆడుతున్న కాలమది. సింగిల్స్‌లో అతను అందుకున్న అత్యుత్తమ ర్యాంకు 213, అది కూడా 2007లో. ఆ ర్యాంకుతో పెద్ద టోర్నీల సింగిల్స్ ప్రధాన డ్రాలో నేరుగా చోటు దొరకదు. 2005 ప్రతిపాదన యథాతథంగా అమలై ఉంటే ఆ తర్వాత మనం చూసిన బోపన్న ఉండేవాడు కాదు. రాజీలో భాగంగా వచ్చిన చిన్న మ్యాచ్‌లు మరో రకంగానూ కలిసొచ్చాయి. గంటన్నర లోపే ముగిసే ఆట మోకాళ్లను అంతగా అరగదీయదు. కెనడాకు చెందిన డేనియల్ నెస్టర్ 46వ ఏట దాకా, పేస్ నలభై దాటాక కూడా ఆడగలగడానికి ఇదీ ఒక కారణమే.

2010 బోపన్నకు మలుపు. పాకిస్తాన్‌కు చెందిన ఐసాముల్ హక్ ఖురేషీతో కలిసి ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్ చేరాడు. బ్రయాన్ సోదరుల చేతిలో రెండు సెట్లూ టైబ్రేక్‌లోనే ఓడినా, ఆ మ్యాచ్‌ను ఐక్యరాజ్యసమితిలోని ఇరు దేశాల రాయబారులు పక్కపక్కన కూర్చుని చూశారు. అదే నెలలో చెన్నైలో బ్రెజిల్‌తో డేవిస్ కప్ పోటీ జరిగింది. 0-2తో వెనుకబడి 2-2కు చేరిన భారత్‌ను ఆదుకునే చివరి సింగిల్స్ బాధ్యత బోపన్న మీద పడింది. రికార్డో మెల్లోను అతను వరుస సెట్లలో ఓడించడంతో భారత్ 3-2తో గట్టెక్కింది. డబుల్స్ ఆటగాడంటే సింగిల్స్ చేతకానివాడని అనుకునేవారు ఆ సాయంత్రాన్ని గుర్తుచేసుకోవాలి.

2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎవరితో ఎవరు ఆడాలన్న జోడీల గొడవ అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. పేస్‌తో హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్, భూపతితో బోపన్న ఆడారు. రెండు జంటలూ రెండో రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టాయి. ఆ తర్వాత బోపన్న పారిస్, మాడ్రిడ్, మాంటె కార్లో మాస్టర్స్ (గ్రాండ్‌స్లామ్‌ల తర్వాతి స్థాయి టోర్నీలు) టైటిళ్లు వేర్వేరు భాగస్వాములతో గెలిచాడు. 2016 రియోలో సానియా మీర్జాతో కలిసి నాలుగో స్థానంలో నిలిచాడు. 2017లో గాబ్రియేలా డబ్రోవ్‌స్కీతో ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్ నెగ్గాడు. 2021 నాటికి మాత్రం పరిస్థితి దిగజారింది. నెలల తరబడి గెలుపు లేదు, మోకాళ్లలో మృదులాస్థి అరిగిపోయింది. మానేద్దామని కూడా అనుకున్నట్టు అతనే తర్వాత చెప్పాడు. అయ్యంగార్ యోగా సాధనతో కాళ్లకు బలం తెచ్చుకున్నాడు. 2023లో ఆస్ట్రేలియా ఆటగాడు మాథ్యూ ఎబ్డెన్‌తో జతకట్టాక ఇండియన్ వెల్స్ టైటిల్, వింబుల్డన్ సెమీఫైనల్, యూఎస్ ఓపెన్ ఫైనల్ వరసగా వచ్చాయి. 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో బొలెల్లి, వవస్సోరి జోడీని 7-6, 7-5తో ఓడించి, ఓపెన్ శకంలో పురుషుల గ్రాండ్‌స్లామ్ డబుల్స్ గెలిచిన అతి పెద్ద వయస్కుడయ్యాడు.

ఆ విజయం విలువను డబ్బులో చూస్తే ఈ వృత్తి ఎక్కడ నిలబడి ఉందో అర్థమవుతుంది. ఆ ఏడాది అక్కడ సింగిల్స్ విజేతకు 31.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు ఇచ్చారు. డబుల్స్ విజేతలకు 7.3 లక్షలు, అదీ ఇద్దరికీ కలిపి. అందులోనుంచే కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు, పన్నులు భరించాలి. శిఖరం మీదున్నవాడికే ఇంత తేడా ఉంటే, ర్యాంకుల్లో నూరో స్థానం దగ్గర తిరిగేవాడి సంగతి చెప్పనక్కర్లేదు.

ప్రవేశం దగ్గర ఇంకో చిక్కు ఉంది, తల్లిదండ్రులకు అంతగా తెలియనిది. గ్రాండ్‌స్లామ్‌లో 64 జంటలకు, చిన్న ఏటీపీ టోర్నీలో 16 జంటలకే చోటుంటుంది. ఇద్దరి ర్యాంకులనూ కూడి, ఆ మొత్తం తక్కువగా ఉన్న జంటలను ముందు తీసుకుంటారు. సింగిల్స్ ర్యాంకు మెరుగ్గా ఉన్నవాడు దాన్నే వాడుకోవచ్చు. కాబట్టి సింగిల్స్ స్టార్లు సరదాకో సాధనకో డబుల్స్‌లో పేరిచ్చిన వారం, ఏళ్లుగా అదే పని చేస్తున్న జంట బయటే ఉండిపోతుంది. భాగస్వామి గాయపడినా, వేరొకరితో వెళ్లిపోయినా కూడికలో సగం మారిపోతుంది. మిక్స్‌డ్ డబుల్స్‌కు ర్యాంకింగ్ పాయింట్లే లేవు. బోపన్న ఇంతమందితో జతకట్టాల్సి రావడం వెనుక ఈ లెక్కలూ ఉన్నాయి.

అందుకే సొంత గడ్డ మీద టోర్నీలు ముఖ్యమవుతాయి. అక్కడ వైల్డ్ కార్డు (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే చోటు) దొరుకుతుంది, ప్రయాణం ఖర్చు తగ్గుతుంది. చెన్నై నుంగంబాక్కంలో 1997 నుంచి 2017 దాకా ఏటా జరిగిన ఏటీపీ టోర్నీలో పేస్, భూపతి జోడీ ఐదుసార్లు టైటిల్ నెగ్గింది. 2017లో అక్కడ ఆడిన చివరి ఏటీపీ డబుల్స్ ఫైనల్లో నలుగురూ భారతీయులే. బోపన్న, చెన్నై కుర్రాడు జీవన్ నెడుంచెళియన్ కలిసి పురవ్ రాజా, దివిజ్ శరణ్‌లను ఓడించారు. ఆ టోర్నీ పుణేకు తరలింది, 2023 తర్వాత పుణే నుంచి కూడా వెళ్లిపోయింది. మిగిలింది ఏటీపీ ప్రధాన టోర్నీల కంటే ఒక మెట్టు కిందిదైన ఛాలెంజర్ స్థాయి. బెంగళూరు కబ్బన్ పార్కులో కర్ణాటక టెన్నిస్ సంఘం కోర్టుల్లో జరిగే ఛాలెంజర్ టోర్నీ వాటిలో ప్రధానమైనది. 2022లో అక్కడ విశాఖపట్నంలో పెరిగిన సాకేత్ మైనేని, రామ్‌కుమార్ రామనాథన్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచాడు. మరుసటి ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఆ జోడీయే రజతం తెచ్చింది.

తెలుగు నేలకు ఈ దారి కొత్తదేమీ కాదు. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు అందుకున్న సానియా మీర్జా, మణికట్టు గాయాలతో 2013లో సింగిల్స్ వదిలేసి, మార్టినా హింగిస్‌తో కలిసి 2015లో డబుల్స్ నంబర్ వన్ అయింది. సింగిల్స్‌నే పట్టుకుని ఉండి ఉంటే ఆమెకు ఆరు గ్రాండ్‌స్లామ్‌లు వచ్చేవని ఎవరూ అనలేరు. కొత్త తరంలో హైదరాబాద్‌కు చెందిన రిత్విక్ బొల్లిపల్లి 2024 అక్టోబర్‌లో అర్జున్ కాధేతో తన తొలి ఏటీపీ టైటిల్ సాధించాడు. కానీ అది కజకిస్తాన్‌లోని ఆల్మటీలో.

2005 నాటి వివాదం ముగిసిపోలేదు, రూపం మార్చుకుంది. 2023లో వింబుల్డన్ పురుషుల డబుల్స్‌ను ఐదు సెట్ల నుంచి మూడు సెట్లకు కుదించింది. మరుసటి ఏడాది కొన్ని ఏటీపీ టోర్నీల్లో సింగిల్స్ ర్యాంకుతో వచ్చే జంటలకు ఎక్కువ చోటిచ్చే ప్రయోగం జరిగింది. 2025లో యూఎస్ ఓపెన్ మిక్స్‌డ్ డబుల్స్‌ను ప్రధాన టోర్నీకి ముందు వారానికి జరిపి, 16 జంటలకు కుదించి, విజేతలకు పది లక్షల డాలర్లు ప్రకటించి సింగిల్స్ తారలతో నింపారు. సారా ఎరాని, ఆండ్రియా వవస్సోరి అనే డబుల్స్ జంటే వాళ్లందరినీ దాటి టైటిల్ నిలబెట్టుకుంది. నెట్ దగ్గరి విద్యకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఆ పద్ధతి ఇతర టోర్నీలకూ, పురుషుల డబుల్స్‌కూ పాకితే స్పెషలిస్టులకు మిగిలే చోటు ఎంత అన్నది ఆటగాళ్ల సంఘాలు ఇప్పుడే తేల్చుకోవాలి.

కోర్టు పక్కన కూర్చున్న ఆ తల్లిదండ్రులకు చెప్పగలిగేది ఇంతే. పద్దెనిమిదేళ్ల దాకా పిల్లవాడు సింగిల్స్ మానకూడదు. ర్యాంకు ఉంటేనే డబుల్స్ తలుపులు సులువుగా తెరుచుకుంటాయి, బోపన్నా సానియా ఇద్దరూ అలాగే వచ్చారు. దాంతోపాటు వారానికి కొన్ని గంటలు ఒకే జోడీతో కుదురుగా ఆడనివ్వాలి. ఇక టెన్నిస్ సంఘాలు చేయాల్సింది, బెంగళూరు, చెన్నై ఛాలెంజర్లను ఏ ఏడాదీ తప్పనివ్వకుండా చూడడం, వాటి డబుల్స్ వైల్డ్ కార్డుల్లో ఒకటైనా ఇరవై ఏళ్ల లోపు స్థానిక జంటకు కేటాయించడం.