కల్లితండా మురళి గురించి

పిల్లలూ, జేజి దీవెనలు.

సరిహద్దులో ప్రాణం వదిలిన సిపాయి మురళీ నాయక్ గురించి రాసుకు రమ్మని బడిలో చెప్పారట, మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెప్పి ముగించే సంగతి కాదు గనక ఉత్తరం రాస్తున్నా.

మురళిది గోరంట్ల మండలం కల్లితండా. ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటున్నాం గానీ 2022 దాకా అదీ మన అనంతపురమే. సుగాలీల తండా. వానను నమ్ముకుని చెనిక్కాయ వేసే నేలలో ఎండిపోయిన ఏళ్ళే ఎక్కువ. అందుకే మనవైపు జనం బెంగళూరుకో ముంబైకో వలస పోతారు. వాళ్ళ అమ్మానాన్నా ముంబైలో కూలి చేశారు. అట్లాంటి ఇంటి పిల్లోడికి ఆర్మీ అంటే దేశం మీద ప్రేమా ఉంటుంది, ఇల్లు నిలబెట్టాలన్న పట్టుదలా ఉంటుంది. రెండోది ఉన్నంత మాత్రాన మొదటిది తగ్గదు. మీ వ్యాసంలో ఈ రెండూ రాయండి.

2025 ఏప్రిల్ 22న కాశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపారు. మే 7న మన సైన్యం పాకిస్తాన్ వైపున్న ఉగ్రవాద స్థావరాల మీద దాడులు, అంటే ఆపరేషన్ సిందూర్, మొదలుపెట్టింది. ఆ వెంటనే కాశ్మీర్‌లో రెండు దేశాల సైన్యాల మధ్య హద్దయిన నియంత్రణ రేఖ పొడవునా పాకిస్తాన్ ఫిరంగులతో కాల్పులు పెంచింది. 1972 సిమ్లా ఒప్పందం తర్వాత ఏర్పడిన ఆ రేఖ దాదాపు 740 కిలోమీటర్లు, కొండల మీదుగా పోతుంది. కొండకు అవతలి నుంచి కాలిస్తే గుండు ఇవతల వచ్చి పడి పేలుతుంది. కాల్చినవాడు కంటికి కనపడడు. పక్క ఊళ్ళలో మామూలు జనమూ చనిపోయారు. ఆ కాల్పుల్లోనే మురళి ప్రాణం పోయింది. మే 10న కాల్పులు ఆపుతున్నామని రెండు దేశాలూ ప్రకటించాయి. ఆ ఒకటి రెండు రోజుల తేడా తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మురళి అగ్నివీర్. అంటే నాలుగేళ్ళ కొలువు. ఆ తర్వాత నలుగురిలో ఒకరిని మాత్రమే కొనసాగిస్తారు. విధుల్లో చనిపోతే ఇన్సూరెన్సు 48 లక్షలు, పరిహారం 44 లక్షలు ఇస్తారు గానీ, మామూలు సిపాయి ఇంటికి వచ్చే కుటుంబ పెన్షన్ రాదు. ఫిరంగి గుండు ఇద్దరినీ ఒకేలా చంపుతుంది కదా, తర్వాత ఈ తేడా ఎందుకు? ఇది అన్యాయమనే నా మనసుకు తోస్తుంది. మీరు పెద్దయ్యాక దీని గురించి ఆలోచించండి.

1971 యుద్ధం నాటికి, చనిపోయిన సిపాయిలను ఎక్కువగా యుద్ధం జరిగిన చోటే దహనం చేసేవాళ్ళు. ఇంటికి టెలిగ్రాం వచ్చేది, అంతే. తల్లులకు ఆఖరి చూపు కూడా దక్కేది కాదు. 1999 కార్గిల్ యుద్ధం నుంచి సొంత ఊరికి తెస్తున్నారు. మురళిని విమానంలో బెంగళూరుకు, అక్కణ్ణించి రోడ్డు మీద తండాకు తెచ్చారు. మే 11న సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. డిప్యూటీ సీఎం, మంత్రులు వచ్చారు.

ఎండాకాలం సెలవుల్లో గోరంట్ల మీదుగా తండాకు పోదాం. అక్కడ సెల్ఫీలు వద్దు. ఆ అమ్మను "ఎట్లా జరిగింది?" అని అడగొద్దు. చిన్నప్పుడు ఏం ఆడేవాడో, ఏం ఇష్టంగా తినేవాడో ఆమెగా చెబితే వినండి. పోయే ముందు వాళ్ళకు వీలవుతుందో లేదో మీ నాన్నను కనుక్కోమనండి.

మీ
జేజి