మామిడి టెంకలో ఉన్నది ఎవరి బిడ్డ?

చిత్తూరు జిల్లాలో మామిడి తోట వేసే రైతు తోతాపురి టెంకలు పాతిపెట్టి తోతాపురి కాయల కోసం ఎదురుచూడడు. టెంక నుంచి వచ్చిన మొలకను వేరు మొక్కగా వాడుకుని, బాగా కాసే చెట్టు నుంచి కోసి తెచ్చిన పుల్లతో దానికి అంటు కడతాడు. దామలచెరువు మండీకి చేరే బేనీషా అయినా, గుజ్జు ఫ్యాక్టరీలకు లారీల్లో తరలిపోయే తోతాపురి అయినా దాదాపు అంతా అంటు చెట్ల కాపే. టెంక చెట్టు ఏ కాయ కాస్తుందో చెప్పలేమన్నది ఈ ప్రాంతంలో పెద్దలందరికీ తెలిసిన విషయం. దానికి కారణం మాత్రం ఇంటర్మీడియట్ విద్యార్థులు దశల పేర్లుగా బట్టీపట్టి పరీక్ష కాగానే మరిచిపోయే క్షయకరణ విభజనలో, అంటే పుప్పొడిని, అండాలను తయారుచేసే కణ విభజనలో ఉంది. ప్రాణుల్లో వైవిధ్యానికి ప్రధాన కారణాల్లో ఒకటైన ఈ ప్రక్రియను జైగోటీన్, పాకీటీన్ అనే పేర్ల వరుసగా కుదించి చెప్పడం దానికి చేసే అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

మామిడి చెట్టు కణాల్లో జన్యువులను మోసే పోగులు, అంటే క్రోమోసోములు, 40 ఉంటాయి. అవి 20 జతలు. ప్రతి జతలో ఒకటి తల్లి చెట్టు అండం నుంచి, మరొకటి పుప్పొడినిచ్చిన చెట్టు నుంచి వచ్చినవి. ఆకు, చిగురు, వేరు పెరిగేటప్పుడు జరిగే సమవిభజనలో ఈ 40కి నకళ్లు తయారై రెండు పిల్ల కణాలకూ పూర్తిగా అందుతాయి. అంటు కట్టిన పుల్ల పెరిగేది ఈ విధంగానే కాబట్టి, అప్పుడప్పుడు జన్యువుల్లో తలెత్తే మార్పులను (ఉత్పరివర్తనలను) పక్కన పెడితే, ఆ పుల్ల నుంచి వచ్చిన కొమ్మలన్నీ పాత చెట్టు కొనసాగింపే.

పూతలో జరిగేది వేరు. పువ్వు విచ్చుకోవడానికి చాలా ముందే, మొగ్గలోని పరాగకోశంలో (పుప్పొడి తయారయ్యే సంచిలో) పుప్పొడి మాతృకణాలు క్షయకరణ విభజనకు సిద్ధమవుతాయి. మామిడి క్రోమోసోములు మరీ చిన్నవి కాబట్టి డిగ్రీ విద్యార్థులు ప్రయోగశాలలో ఉల్లి మొగ్గలను వాడతారు. ఉల్లి పూగుత్తిలో ఇంకా విచ్చుకోని చిన్న మొగ్గలను ఏరి, ఆల్కహాలు, ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో ఉంచి, తర్వాత సూదితో పరాగకోశాన్ని బయటకు తీసి, ఎసిటోకార్మిన్ అనే ఎర్ర రంగు ద్రవం చుక్కలో నలిపి, పైన కవర్ స్లిప్ పెట్టి బొటనవేలితో నొక్కి సూక్ష్మదర్శినిలో చూస్తారు. మొగ్గ కాస్త ముదిరితే అప్పటికే పుప్పొడి తయారై ఉంటుంది, మరీ లేతదైతే విభజనే మొదలై ఉండదు. సరైన మొగ్గ దొరికినప్పుడు మాత్రం లేత గులాబీ రంగు కణం నడుమ ముదురు ఎరుపులో 8 ముద్దలు కనిపిస్తాయి. ఉల్లి క్రోమోసోములు 16; అవి జతజతలుగా అతుక్కుని ఉన్నందువల్ల 8గా కనిపిస్తున్నాయి.

క్షయకరణ విభజన అంతటికీ కీలకం ఈ జత కూడడమే. క్రోమోసోముల సంఖ్య సగమవుతుందన్న మాటనే పాఠాల్లో ముందుకు తెస్తారు గానీ, సగం కావడానికి ముందు జరిగేది అంతకంటే ఆశ్చర్యకరమైనది. తల్లి నుంచి వచ్చిన క్రోమోసోమ్, తండ్రి నుంచి వచ్చిన దాని సమజాత క్రోమోసోమ్ ఒకదాని పక్కన ఒకటి పొడవునా సరిగ్గా జన్యువుకు జన్యువు ఎదురయ్యేలా అమరుతాయి. అప్పటికే ప్రతి క్రోమోసోమ్ నకలు తయారై రెండు పోగులుగా, అంటే రెండు క్రోమాటిడ్లుగా ఉంటుంది. కణమే తన డి.ఎన్.ఎ. పోగును కొన్ని చోట్ల తెంచుకుంటుంది; తెగిన చోట్లను సమజాత క్రోమోసోమ్ ఆధారంగా అతుకుతున్నప్పుడు కొన్నిచోట్ల అటు ముక్క ఇటు, ఇటు ముక్క అటు మారిపోతాయి. దీన్నే వినిమయం అంటారు. మారిన చోట రెండు క్రోమోసోములూ ముడిపడి ఉంటాయి. ఆ ముడి ఉంటేనే అవి కణం మధ్యకు జంటగా చేరి, తర్వాత చెరొక ధ్రువానికీ సక్రమంగా విడిపోగలుగుతాయి. మొదటి విభజనలో సమజాత క్రోమోసోములు వేరవుతాయి. రెండో విభజనలో క్రోమాటిడ్లు వేరవుతాయి. ఒక మాతృకణం నుంచి నాలుగు పుప్పొడి రేణువులు వస్తాయి.

మనుషుల విషయంలో ఇదే పని ఎంత దీర్ఘకాలం సాగుతుందో కూడా చెప్పుకోవాలి. ఆడశిశువు తల్లి గర్భంలో ఉండగానే ఆమె అండ మాతృకణాలు క్షయకరణ విభజన మొదలుపెట్టి, జత కూడిన తర్వాత మొదటి విభజన ప్రథమ దశలోనే ఆగిపోతాయి. అండం విడుదలయ్యే ముందు మాత్రమే మొదటి విభజన పూర్తవుతుంది, రెండోది ఫలదీకరణ జరిగితేనే ముగుస్తుంది. అన్నేళ్ల నిరీక్షణలో క్రోమోసోములను పట్టి ఉంచే ప్రోటీన్లు బలహీనపడి, విడిపోవడంలో పొరపాటు జరిగే అవకాశం తల్లి వయసుతో పాటు పెరుగుతుంది. 21వ క్రోమోసోమ్ రెండుకు బదులు మూడు రావడం వల్ల కలిగే డౌన్ సిండ్రోమ్‌కు ఎక్కువ సందర్భాల్లో మూలం ఇదే.

మళ్లీ మామిడికి వద్దాం. 20 జతల్లో ప్రతి జతా ఏ వైపుకు తిరిగి విడిపోవాలన్నది మిగతా జతలతో నిమిత్తం లేకుండా జరుగుతుంది. అంటే వినిమయాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా ఒక చెట్టు 10,48,576 రకాల పుప్పొడిని, అన్నే రకాల అండాలను తయారు చేయగలదు. రెండు చెట్లు కలిస్తే పుట్టగల కలయికలు దాదాపు లక్షా పదివేల కోట్లు. మామిడి పూతకు ఈగలు ఎక్కడెక్కడి నుంచో పుప్పొడిని మోసుకొస్తాయి కాబట్టి ప్రతి జతలోని రెండు క్రోమోసోముల మధ్యా చాలా చోట్ల తేడాలుంటాయి. ఆ సంఖ్య కాగితం మీది లెక్కగా మిగిలిపోదు.

ఇక్కడ చాలామందికి ఒక సందేహం వస్తుంది. తోతాపురి పూవు మీద నీలం రకం మామిడి పుప్పొడి పడితే కాయ రుచి మారదా? మారదు. తొక్క, గుజ్జు, గట్టి టెంక, అన్నీ తల్లి పువ్వులోని అండాశయం గోడ నుంచి తయారైనవే. టెంకను చీల్చి, లోపలి జీడికి చుట్టుకుని ఉన్న కాగితంలాంటి పొరను గోటితో ఒలిచి చూడండి. ఆ పొర కూడా తల్లిదే. లోపలి రెండు బీజదళాలు, వాటి మధ్య ఒదిగిన చిన్న అంకురం మాత్రమే కొత్త ప్రాణి, అంటే తల్లిదండ్రులిద్దరి బిడ్డ. మనం తినేది తల్లిని. విసిరేసే టెంకలో ఉన్నది బిడ్డ. కేరళ ప్రాంతపు ఒలూర్ వంటి రకాల్లో ఒకే టెంక నుంచి అనేక మొలకలు వస్తాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి కణజాలం నుంచి క్షయకరణ లేకుండానే పుట్టిన అంకురాలు కాబట్టి తల్లినే పోలి ఉంటాయి. తోతాపురి, బేనీషా, నీలం అలాంటివి కావు.

ఈ తేడా గ్రహించిన వారికి, జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ ప్రయోగాల్లోని బఠాణీలు కొత్తగా కనిపిస్తాయి. బఠాణీలో గింజ గుండ్రంగా ఉండడం, ముడతలు పడడం బీజదళాల లక్షణం, అంటే బిడ్డ లక్షణం. అందుకే ఒకే కాయలో గుండ్రటి గింజలూ ముడతల గింజలూ పక్కపక్కనే దొరికాయి. 1866లో ప్రచురించిన పత్రంలో ఆయన రెండో తరం గింజలు 7,324 లెక్కపెట్టి, 5,474 గుండ్రంగా, 1,850 ముడతలతో ఉన్నట్టు చూపాడు. నిష్పత్తి 2.96:1. అప్పటికి క్రోమోసోముల ప్రవర్తన ఎవరికీ తెలియదు. కారకాలు జతలుగా ఉండి విడిపోతాయని ఆయన కేవలం లెక్కల నుంచి ఊహించాడు. గింజ ఆకారాన్ని నిర్ణయించే ఈ జన్యువు పిండిపదార్థానికి శాఖలు ఏర్పరిచే ఎంజైముకు సంబంధించినదని 1990లో తేలింది. చెడిన ప్రతులే రెండూ ఉన్న గింజలో చక్కెర పేరుకుని, నీరు ఎక్కువ చేరి, ఎండినప్పుడు ముడుచుకుంటుంది. మంచి ప్రతి ఒక్కటి ఉన్నా ఎంజైము సరిపోతుంది. పైకి కనిపించే లక్షణం బహిర్గతం, కనిపించకుండా దాగేది అంతర్గతం అన్న మాటలకు ఈ జన్యువు విషయంలో అర్థం ఇంతే. ఒకటి బలమైనదనీ మరొకటి పిరికిదనీ కాదు.

మామిడిలో రుచి, పీచు, ఏటా కాసే గుణం వంటివి ఒక్క జన్యువుతో తేలేవి కావు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నీలాన్ని తల్లిగా, దశేరిని తండ్రిగా పెట్టి మల్లిక రకాన్ని, అవే రెంటినీ తారుమారు చేసి ఆమ్రపాలిని రూపొందించింది. మల్లిక కాయ పెద్దది; ఆమ్రపాలి చెట్టు పొట్టిగా ఉండి దగ్గర దగ్గరగా నాటడానికి అనువైనది. తల్లిదండ్రులు అవే అయినా సంతానం ఇంత వేరుగా ఉండగలదు. ఇటువంటి కలయికలు మన పొలం గట్ల మీద ఎవరూ తలపెట్టకుండానే పుట్టి ఉన్నాయి. నాటు మామిడి అని మనం తేలిగ్గా తీసిపారేసే ప్రతి చెట్టూ అలాంటిదే. రోడ్డు విస్తరణకో, కలపకో వాటిని కొట్టేసే ముందు ఆ ఊరి కళాశాల విద్యార్థులు ఒక వేసవిలో కాయ బరువు, పీచు, పులుపు, కాపు నెల, ఏటా కాస్తుందా ఏడాది విడిచి ఏడాది కాస్తుందా అన్న వివరాలు రాసుకుని, బాగున్న చెట్ల నుంచి నాలుగు పుల్లలు తెచ్చి అంటు కట్టిస్తే, అది జన్యుశాస్త్ర పాఠానికి తగిన ప్రాజెక్టు అవుతుంది.