పాత టో క్లిప్పులు, రోజూ తొడుక్కునే బూట్లు

పాత రేసింగ్ సైకిల్ ఒకటి చేతికొస్తే చాలామంది మొదట చేసే పని, పెడళ్ల ముందు వేలాడే ఇనప చట్రాలని, అంటే టో క్లిప్పులని, విప్పి పక్కన పడేయడం. కాలు ఇరుక్కుపోతుందనీ, సైకిల్‌తో పాటే పక్కకి పడిపోతామనీ భయం. ఉంచుకున్నవాళ్లకేమో ఇంకో ఆశ: కాలు పైకొచ్చేటప్పుడు కూడా పెడల్‌ని లాగొచ్చు, సగం శ్రమ తప్పుతుంది అని. మామూలు బూట్లతో తొక్కేవాళ్ల విషయంలో ఆ భయానికీ ఈ ఆశకీ కూడా పెద్ద ఆధారం లేదు.

వస్తువు చాలా సాదాగా ఉంటుంది. పల్చటి స్టీలు పట్టీని వంచి చేసిన చట్రం. దాన్ని పెడల్ ముందు అంచుకి రెండు చిన్న బోల్టులతో బిగిస్తారు. అది వేళ్ల ముందు నుంచి పైకి లేచి, పాదం మీదికి వంగి, చివర ఒక కంతతో ఆగుతుంది. ఆ కంతలోంచి ఒక తోలు పట్టీ దూరి, పెడల్‌లో అటూ ఇటూ ఉన్న చీలికల్లోంచి పాదం కిందుగా వెళ్లి, బయటివైపు బకిల్ దగ్గర కలుస్తుంది. నడుముకి పెట్టుకునే బెల్టుకున్నట్టు ఈ పట్టీకి బెజ్జాలుండవు. కొస పట్టుకుని లాగితే బిగుస్తుంది, బకిల్‌ని వేలితో బయటికి నెడితే వదులవుతుంది.

ముందు పైకి లాగే సంగతి చూద్దాం. కూర్చుని నింపాదిగా తొక్కుతున్నప్పుడు పైకొచ్చే కాలు పెడల్‌ని లాగదు సరికదా, కాస్తో కూస్తో దాని మీద బరువు మోపుతూనే ఉంటుంది. ఇది వృథా అనిపించడం సహజం. ఒక్కో కాలు బరువు ఒంటి బరువులో సుమారు ఆరో వంతు. 60 కిలోల మనిషికి దాదాపు 10 కిలోలు. అంత బరువుని ప్రతి చుట్టుకీ ఎత్తాలి కదా అంటే, అదే క్షణంలో అవతల అంతే బరువున్న ఇంకో కాలు దిగుతోంది. రెండు క్రాంకులూ, అంటే పెడళ్లని మోసే కడ్డీలు, ఒకే ఇరుసుకి ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి త్రాసు సిబ్బెల్లా ఒకదాని బరువుని ఇంకొకటి మోస్తుంది. ఎత్తడానికి పోయింది ఏదీ లేదు.

2007లో థామస్ కోర్ఫ్ అనే పరిశోధకుడి బృందం సైక్లిస్టులని రకరకాలుగా తొక్కమని చెప్పి కొలిచింది. పైకి లాగండి అన్నప్పుడు, పెడల్ మీద పడే బలం క్రాంక్‌ని తిప్పే దిశకి మరింత చక్కగా ఒదిగింది. అంతవరకూ బాగానే ఉంది. కానీ అంతే పనికి శరీరం ఖర్చుపెట్టిన శక్తి మాత్రం పెరిగింది. పిరుదులూ తొడ ముందు భాగమూ చేసే పనిని, తొడని పైకెత్తే చిన్న కండరాలకి అప్పజెప్పడం లాభసాటి బేరం కాదు. గమ్యం కనబడ్డాక లేచి ప్రాణం పెట్టి తొక్కే పందెపు రౌతుకి ఆ పైలాగుడు పనికొస్తుంది. ఆఫీసుకో బజారుకో వెళ్లేవాళ్లకి అక్కర్లేదు.

మరి క్లిప్పు దేనికి? దీనికి జవాబు చిన్న లెక్కలో ఉంది. క్రాంక్ పొడవు సాధారణంగా 170 మిల్లీమీటర్లు. పెడల్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి, అన్నిటికన్నా పైన ఉన్నప్పుడు దాని త్వరణం నిలువునా కిందికి ఉంటుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే ఆ త్వరణం దాదాపు 6.7 మీ/సె². గురుత్వాకర్షణ వల్ల కిందపడే వస్తువుకి ఉండేది 9.8. నిమిషానికి 72 చుట్ల దగ్గర రెండూ సమానమవుతాయి. 90 చుట్లకి పెడల్‌ది 15 దాటిపోతుంది. అంటే చురుగ్గా తొక్కేటప్పుడు, ఆ పైకొసన పెడల్ మన కాలి కింద నుంచి గురుత్వాకర్షణ కన్నా ఎక్కువ త్వరణంతో తప్పుకుంటోందన్నమాట. కాలుని దాని బరువుకి వదిలేస్తే పెడల్‌ని అందుకోలేదు. కండరాలు తోస్తున్నాయి కాబట్టే అంటుకుని ఉంటుంది. తోపు ఒక్క క్షణం తగ్గిందా, బూటుకీ పెడల్‌కీ మధ్య ఒత్తిడి పోతుంది, ఒత్తిడితో పాటే రాపిడీ పోతుంది. అడుగు తడిగా ఉండి, సరిగ్గా అప్పుడే గతుకు తగిలితే పాదం ముందుకి జారుతుంది, పెడల్ అంచు వెనక్కి తిరిగొచ్చి మోకాలి కింద ముందువైపు ఎముకని కొడుతుంది. ఆ దెబ్బ తిన్నవాళ్లకి వేరే వివరణ అక్కర్లేదు.

క్లిప్పు చేసేది ఆ జారుడుని ఆపడమే. పాదాన్ని ముందుకి పోనివ్వదు, పక్కకి పోనివ్వదు, వేళ్ల మొదళ్ల దగ్గరి ఉబ్బెత్తు భాగాన్ని పెడల్ ఇరుసు మీద నిలబెడుతుంది. ఈ పనికి పట్టీ బిగించాల్సిన అవసరమే లేదు. నా మటుకు, మామూలు బూట్లతో పట్టీ బిగించేవాళ్లు క్లిప్పు వల్ల వచ్చే సుఖాన్ని పోగొట్టుకుని కష్టాన్ని మాత్రం ఉంచుకుంటున్నారు. బిగిసిన పట్టీ పాదం మీది నరాలనీ రక్తనాళాలనీ నొక్కి వేళ్లకి తిమ్మిరి తెప్పిస్తుంది.

కాలు ఇరుక్కుపోతుందన్న ఆ భయం అసలు పందేల నుంచి వచ్చింది. రేసింగ్ బూట్ల అడుగున ఒక గాడి ఉన్న దిమ్మ ఉండేది. పెడల్ వెనక పలక ఆ గాడిలో కూర్చునేది, పైన పట్టీ బిగించేవాళ్లు. ఇక చెయ్యి కిందికి చాచి బకిల్ వదిలిస్తే తప్ప కాలు రాదు. 1984లో లుక్ కంపెనీ, మడమని పక్కకి తిప్పితే ఊడొచ్చే పెడల్ తెచ్చింది. మరుసటి ఏడాది ఫ్రెంచి పందెగాడు బెర్నార్ ఇనో వాటితోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లలోనే పెద్ద పందేల్లో పట్టీలు కనబడడం మానేశాయి. జపాన్‌లో కెరిన్ అనే ట్రాక్ పందేల్లో తొక్కేవాళ్లు మాత్రం ఇప్పటికీ క్లిప్పులతో, బిగించిన పట్టీలతోనే తొక్కుతారు. పాత క్లిప్పుల మీద తరచు కనబడే క్రిస్టోఫ్ అన్న పేరు కూడా పందెగాడిదే: 1913 టూర్‌లో ముందు ఫోర్కు విరిగితే, సైకిల్ మోసుకుంటూ కొండ దిగి, ఊళ్లో కమ్మరి కొలిమిలో తనే అతుకు వేసుకున్న యూజెన్ క్రిస్టోఫ్. కొలిమి తిత్తిని ఒక కుర్రాడు ఊదాడని, ఇంకొకరి సాయం తీసుకున్నట్టేనని అతనికి జరిమానా వేశారు.

మన బూట్లకి ఆ గాడి లేదు. పట్టీ వదులుగా ఉంటే పాదాన్ని పట్టుకునేది కొద్దిపాటి రాపిడి ఒక్కటే. వెనక్కి లాగితే వచ్చేస్తుంది. అలవాటు చేసుకోవాల్సింది ఆ దిశని: పక్కకి కాదు, మొదట వెనక్కి, ఆపైన పక్కకి.

ఇక్కడే బూటు అడుగు అసలు విషయమవుతుంది. నున్నటి, పల్చటి, కాస్త గట్టి అడుగున్న తోలు బూటు క్లిప్పులోకి ఇట్టే దూరి ఇట్టే వస్తుంది. గుడ్డ బూట్లూ ఫర్వాలేదు. కాకపోతే అడుగు మరీ మెత్తనైతే పెడల్ పలకలు రెండూ అరికాలికి గీతల్లా తెలుస్తాయి. చిక్కంతా పరుగుకి వేసుకునే బూట్లతోనే. ముందు భాగం ఎత్తుగా, అడుగు అంచులు వెడల్పుగా ఉండడం వల్ల పాదం క్లిప్పులోకి పూర్తిగా వెళ్లదు. ఇంకా చెడ్డది అడుగున ఉండే లోతైన గాడులు. పెడల్ వెనక పలక పళ్లు ఒక గాడిలో దిగబడ్డాయంటే, పాత రేసింగ్ బూటు దిమ్మని మనకి తెలియకుండానే మళ్లీ తయారుచేసుకున్నట్టే. వెనక్కి లాగితే రాదు. పట్టీని ఎంత వదులు చేసినా ఇది తగ్గదు. బూటుని చేత్తో క్లిప్పులోకి దూర్చి, వెనక్కి లాగి చూస్తే నిమిషంలో తేలిపోతుంది. పట్టేసే బూటైతే దాంతో క్లిప్పుల జోలికి పోకూడదు. లేసుల కొసలు కూడా బూటు లోపలికి దోపుకోవాలి.

క్లిప్పులు చిన్న, మధ్య, పెద్ద సైజుల్లో వస్తాయి. పాత సైకిళ్ల మీద ఉన్నవి ఇరుకు రేసింగ్ బూట్లకి సరిపెట్టినవి కాబట్టి మన బూటుకి తరచు పొట్టి అవుతాయి. ముంగాలు ఇరుసు మీదికి రాకముందే వేళ్లు స్టీలుకి తగిలితే, క్లిప్పుకీ పెడల్‌కీ మధ్య రెండు వాషర్లు వేసి ముందుకి జరపొచ్చు, లేదా పెద్ద సైజు కొనాలి. అయితే క్లిప్పు ముందుకి జరిగేకొద్దీ నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రానికి తగిలే అవకాశం పెరుగుతుంది. చిన్న ఫ్రేముల మీద ఇది నిజంగా ఇబ్బందే. సైకిల్ నిలబెట్టి, పెడల్‌ని ముందుకి తెచ్చి, హ్యాండిల్ తిప్పి ముందే చూసుకోవాలి. పట్టీని పెడల్ చీలికల్లోంచి దూర్చేటప్పుడు మధ్యలో ఒక మెలిక వేస్తే అది అటూ ఇటూ జారకుండా ఉంటుంది.

బయల్దేరేటప్పుడు ఒక కాలు ముందే క్లిప్పులో పెట్టుకుని, రెండో కాలు నేల మీద ఉంచాలి. క్లిప్పు బరువుకి రెండో పెడల్ తలకిందులై వేలాడుతుంది. పెడల్ వెనక అంచున ఉండే చిన్న నాలికని బూటు ముక్కుతో వెనక్కి తడితే అది తిరుగుతుంది, ఆ ఊపులోనే పాదం లోపలికి పోవాలి. మొదట్లో కుదరదు. కుదరనప్పుడు కిందకి చూస్తూ తంటాలు పడకుండా, తలకిందులైన పెడల్ మీదే నాలుగు చుట్లు తొక్కి, రోడ్డు ఖాళీగా ఉన్నచోట మళ్లీ ప్రయత్నించొచ్చు. ఆ నాలుగు చుట్లూ క్లిప్పు నేలకి దగ్గరగా ఉంటుంది కాబట్టి మలుపుల్లో వంగకూడదు.

అడుగడుక్కీ ఆగాల్సిన రోడ్లలో ఇదంతా విసుగే. అక్కడ పట్టీలు పూర్తిగా తీసేసి చట్రం మాత్రం ఉంచుకోవచ్చు, లేదంటే వేళ్ల కొసల్ని మాత్రమే ఆపే పొట్టి సగం క్లిప్పులు దొరుకుతాయి. ముందుకి జారకుండా ఆపడమనే పని వాటితోనూ చాలావరకు జరిగిపోతుంది.

పాత పెడళ్లని ఇంకో సైకిల్‌కి మార్చేవాళ్లు మరలు చూసుకోవాలి. ఎక్కువ పెడళ్ల ఇరుసు 9/16 అంగుళాలు, అంటే 14.3 మిల్లీమీటర్లు. పాత ఫ్రెంచి పెడళ్లది 14. తేడా కంటికి ఆనదు కానీ, ఒకదానిలో ఇంకొకటి బిగిస్తే క్రాంక్ మర పాడవుతుంది. ఎడమ పెడల్‌ది ఎడమ మర, అంటే మామూలుకి ఎదురు దిశలో తిప్పితే బిగిసేది. తొక్కుతున్నప్పుడు బరువు కింద ఇరుసు తన రంధ్రంలో సన్నగా దొర్లుతూ, పెడల్ తిరిగే దిశకి వ్యతిరేకంగా మెల్లగా తిరుగుతుంది. మామూలు మర వేస్తే ఆ దొర్లుడుకి ఎడమ పెడల్ ఊడిపోతుంది, ఎడమ మర వేస్తే బిగుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి కదపని పెడళ్లు మొండికేస్తాయి. ఏ వైపైనా పానాని క్రాంక్ పైభాగాన పెట్టి సైకిల్ వెనక చక్రం వైపుకి తిప్పితే వదులవుతుంది. తిరిగి బిగించేటప్పుడు మరలకి కాస్త గ్రీజు రాయాలి. పగుళ్లు వారిన తోలు పట్టీలని మాత్రం అప్పుడే మార్చేయడం మంచిది.