కొండమీది టవర్‌కు కరెంటు: డీజిల్ నుంచి సోలార్ దాకా

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో టవరే లేని ఊళ్ల బాధ ఒకటి. టవర్ ఉండీ, కరెంటు పోగానే సిగ్నల్ పోయే ఊళ్ల బాధ ఇంకొకటి. 108కి ఫోన్ కలవకపోతే గర్భిణికి డోలీయే దిక్కు. (2022 ఏప్రిల్‌లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడేదాకా సీతంపేట శ్రీకాకుళంలో, మిగతా రెండూ విజయనగరంలో ఉండేవి.)

పల్లెల్లో టవర్లు లేచిన తొలిరోజుల్లో లైన్ కరెంటును నమ్ముకునే వీల్లేదు. అందుకే టవర్ కింద డీజిల్ జనరేటర్, సీసపు బ్యాటరీల వరస పెట్టేవాళ్లు. పరికరాలున్న గదిని చల్లబరిచే ఏసీ మెషిన్ ఒకటి, అది తినే కరెంటూ తక్కువ కాదు. పరికరాలు నడిచేది 48 వోల్టుల డీసీ (డైరెక్ట్ కరెంట్) మీద, జనరేటర్ ఇచ్చేది ఆల్టర్నేటింగ్ కరెంట్. దాన్ని మార్చుకోవాలి. పైగా చిన్న లోడుకు పెద్ద జనరేటర్ నడిపితే డీజిల్ దండగ. ఘాట్ రోడ్డు మీద డ్రమ్ములు ఎక్కించే ఖర్చు సరేసరి.

టవర్లకు డీజిల్ వాడకం తగ్గించాలని టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2011లో సిఫార్సు చేసింది. 2012 జనవరిలో టెలికం శాఖ ఆదేశమే ఇచ్చింది: 2015కల్లా పల్లె టవర్లలో సగం, 2020కల్లా 75 శాతం హైబ్రిడ్ కరెంటుతో (లైన్ కరెంటుకు సోలార్ లాంటిది జోడించి) నడవాలని. 2014లో కేంద్రం ఆంధ్రప్రదేశ్‌తో సహా 10 రాష్ట్రాల్లోని మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకు మంజూరు చేసిన బీఎస్ఎన్ఎల్ టవర్లు తక్కువ కరెంటుతో, సోలార్ మీద నడిచేలా వచ్చాయి. నా దృష్టిలో అసలు మలుపు అక్కడే ఉంది. ఏసీ గది పోయి లోడు తగ్గాకే సోలార్ గిట్టుబాటైంది.

ఒక కిలోవాట్ తినే టవర్‌కు రోజుకు 24 యూనిట్లు కావాలి. 48 వోల్టుల, 600 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నిండుగా 29 యూనిట్ల దాకా ఉంటాయి. సీసపు బ్యాటరీని సగానికి మించి దించితే త్వరగా పాడవుతుంది, కాబట్టి దాని మీద టవర్ నడిచేది 14 గంటలే. లిథియం బ్యాటరీని 80 శాతం వాడుకోవచ్చు, అంటే 23 గంటలు. మంచి ఎండలో కిలోవాట్ ప్యానెల్ రోజుకు నాలుగు యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. ముసురు పడితే అందులో నాలుగో వంతు వచ్చినా గొప్పే.

ఉత్తరాంధ్రకు ఆ ముసురే పరీక్ష. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాన్లు కరెంటు స్తంభాలను వేలల్లో పడగొట్టాయి. జనరేటర్‌కు డీజిల్ పంపుదామంటే రోడ్ల నిండా చెట్లు. ఏడాది సగటు ఎండను బట్టి బ్యాటరీ కొంటే సరిగ్గా అలాంటి వారంలోనే టవర్ ఆగిపోతుంది. మన జిల్లాల్లో కనీసం మూడు రోజుల ముసురుకు సరిపడా నిల్వ ఉండాలి, చివరి ఆసరాగా ఒక చిన్న జనరేటర్ కూడా ఉండాలి.

ఇక నిర్వహణ. ప్యానెల్ మీద దుమ్ము తుడవడం, నీడపడే కొమ్మలు కొట్టడం, వదులైన కేబుల్ గమనించడం ఊరివాళ్లు చేయగల పనులే. వాటికి కింద నుంచి టెక్నీషియన్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏలు (గిరిజనాభివృద్ధి సంస్థలు) సవర, జాతాపు గిరిజన యువతకు ఈ పని నేర్పాలి. వాళ్లకు టవర్ కంపెనీయే నెలజీతం ఇచ్చేలా ఒప్పందంలోనే రాయించాలి.