తీగే గంట మోగిస్తుంటే

రాత్రి దుప్పటి కప్పుకోవడానికి భయపడే మనుషులు ఉంటారు. చలి వేస్తున్నా పాదాలను బయటే ఉంచుకుంటారు. దుప్పటి అంచు బొటనవేలికి తగిలితే చాలు, నిప్పు కణిక మోపినట్టు ఉంటుంది వారికి. అదే పాదంలో ముల్లు దిగినా ఒక్కోసారి తెలియదు. ముల్లు తెలియని చోట దూది మంట పుట్టిస్తుందంటే వినేవారు నమ్మరు. ఇంట్లోవారే నటన అనుకున్న సందర్భాలూ ఉంటాయి. కానీ నరాల నొప్పి స్వభావమే అది.

మామూలు నొప్పి ఒక కబురు. వేలు కాలిందని చర్మంలోని నరాల తంతువులు వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చేరవేస్తాయి. నరాల నొప్పిలో ఆ కబురు మోసే తీగే దెబ్బతింటుంది. మధుమేహం, సర్పి, కీమోథెరపీ, శస్త్రచికిత్సలో తెగిన నరం... కారణం ఏదైనా, గాయపడిన తంతువు తనంతట తానే సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. బయట దొంగ లేడు, గంట మాత్రం మోగుతూనే ఉంటుంది. ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు ఇక్కడ పెద్దగా పనిచేయవు. అవి వాపు మీద పనిచేసే మందులు. ఇక్కడి గొడవ వాపుది కాదు.

అందుకే వైద్యులు మూర్ఛకూ, కుంగుబాటుకూ వచ్చిన మందులు రాస్తారు: గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్. చీటీ చూసి ‘నాకు మూర్ఛ లేదే’ అని కంగారుపడేవారు తక్కువేమీ కాదు. ఇవి అదుపు తప్పిన తంతువుల దూకుడును కొంత తగ్గిస్తాయి. ఎంత? 2015లో వెలువడిన ఒక పెద్ద సమీక్ష ప్రకారం, ప్రీగాబలిన్ వాడిన ఏడెనిమిది మందిలో ఒక్కరికే, మందు లేని ఉత్తుత్తి మాత్రతో వచ్చే మేలుకు మించి, నొప్పి సగానికి తగ్గింది. అమిట్రిప్టిలిన్ తరహా పాత మందులకు ఈ లెక్క సుమారు నలుగురిలో ఒకరు. అంటే మందు పనిచేయకపోవడం రోగి తప్పూ కాదు, అరుదైన దురదృష్టమూ కాదు. ఈ మాటను మొదటి రోజే చెప్పి ఉంటే ఎంతోమంది తమను తాము నిందించుకునేవారు కారు.

ఒక మందు విఫలమైందనే ముందు అది సరైన మోతాదుకు చేరిందా, కొన్ని వారాలైనా వాడారా అని చూడాలి. ఇలాంటి మందులను ఒక్కసారిగా మానేయడం ప్రమాదం కూడా. ఆపైన అసలు నిర్ధారణనే మళ్లీ తిరగేయడం మంచిది. ముఖంలో మెరుపు కొట్టినట్టు వచ్చే ట్రైజెమినల్ నొప్పినే తీసుకోండి. చాలామందిలో అక్కడ ఒక రక్తనాళం నరం మొదలును ఒత్తుతూ ఉంటుంది. రెండింటి మధ్యా చిన్న టెఫ్లాన్ ముక్క పెట్టే శస్త్రచికిత్స ఏళ్ల నాటి బాధను ఆపగలదు.

మరి నరాన్నే కోసేస్తే పీడ వదలదా? ఎవరికైనా తట్టే ఆలోచనే. కానీ కోసిన చోట మొలిచే కొత్త తంతువులు దారి దొరక్క ముడిపడి గడ్డకడతాయి. ఆ గడ్డే కొత్త నొప్పికి పుట్టిల్లవుతుంది. అమెరికా అంతర్యుద్ధంలో గాయపడిన సైనికులకు వైద్యం చేసిన సైలస్ వియర్ మిచెల్, తెగిపోయిన చేతిలో, కాలిలో నొప్పి గురించి 1870ల తొలినాళ్లలోనే రాశాడు. చెయ్యే లేదు, చేతి నొప్పి ఉంది! నొప్పి తయారయ్యే చోటు కొన్నిసార్లు పైకి, వెన్నుపాముకూ మెదడుకూ మారిపోతుంది. అద్దంలో మిగిలిన చేతిని చూపి, పోయిన చెయ్యి కదులుతున్నట్టు మెదడుకు నచ్చజెప్పే, నాడీ శాస్త్రవేత్త రామచంద్రన్ పద్ధతి ఈ ఆలోచన నుంచే పుట్టింది. అది అందరికీ పనిచేయదు.

నొప్పి ఎక్కడ తయారవుతోంది? మందులు చేతులెత్తేశాక అడగాల్సిన ప్రశ్న ఇదే. చర్మం దగ్గరే అయితే మిరపకాయ ఉంది. శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో నరాల కొసల్లో మిరప ఘాటుకు స్పందించే గ్రాహకాన్ని పట్టుకుంది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకునే ద్వారమూ అదే. కారం మండినట్టు ఉండటం వట్టి పోలిక కాదన్నమాట. 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ గ్రాహకం మీద పనిచేసే 8 శాతం క్యాప్సైసిన్ (మిరపలోని ఘాటు పదార్థం) పట్టీని వైద్య సిబ్బంది చేతి తొడుగులు వేసుకుని అంటిస్తారు: పాదాలకు అరగంట, మిగతా చోట్ల గంట. అంతసేపూ మంట మామూలుగా ఉండదు. ఆ ఉధృతికి నొప్పి తంతువుల కొసలు చర్మం నుంచి వెనక్కి తగ్గుతాయి. అవి తిరిగి పెరిగేదాకా, కొందరికి మూడు నెలల వరకు, ఊరట.

తంతువులో నొప్పి సంకేతాలను నడిపే సోడియం ద్వారాలను మూసే సుజెట్రిజిన్ అనే మందు 2025 జనవరిలో అమెరికాలో ఆమోదం పొందింది, కానీ తాత్కాలిక నొప్పికి మాత్రమే. కాలిలోకి పాకే నడుము నరాల నొప్పిలో పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారికీ దాదాపు అంతే తగ్గింది.

ఇక వెన్నుపాము. మోకాలికి దెబ్బ తగిలితే చెయ్యి దానంతటదే రుద్దుతుంది. స్పర్శ సంకేతాలు వెన్నుపాములో ఒక ద్వారాన్ని మూసి నొప్పిని అడ్డుకుంటాయని శాస్త్రవేత్తలు మెల్జాక్, వాల్ 1965లో సిద్ధాంతీకరించారు. వివరాలు తర్వాత మారినా మూలం నిలిచింది. రెండేళ్లకే నార్మన్ షీలీ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి వెన్నుపాము దగ్గర విద్యుత్ ప్రేరకాన్ని అమర్చాడు. నేటి పరికరంలో వెన్నుపాము వెనుక సన్నని తీగలు, చర్మం కింద బ్యాటరీ ఉంటాయి. మధుమేహ నరాల నొప్పికి సెకనుకు పదివేల విద్యుత్ స్పందనలు ఇచ్చే రకాన్ని అమెరికా 2021లో ఆమోదించింది. దీర్ఘకాల నడుము నొప్పి విషయంలో మాత్రం దీని ప్రయోజనంపై వాదన తెగలేదు.

నాకు ఇందులో నచ్చేది ముందస్తు పరీక్ష. తీగలను లోపలికి పంపి, బ్యాటరీని బయటే ఉంచి, దాదాపు వారం ఇంటికి పంపుతారు. ఎన్ని గంటలు నిద్రపట్టింది, ఎంత దూరం నడిచారు, ఎన్ని మాత్రలు తగ్గాయి అని రాసిపెట్టమంటారు. నొప్పి ఎనిమిది నుంచి నాలుగుకు దిగితే శాశ్వత పరికరం గురించి మాట్లాడతారు. దిగకపోతే తీగలు లాగేసి పట్టీ వేస్తారు.