‘అర్హత ఉన్న కౌన్సెలర్’: ఆ రెండు మాటల వెనుక వందేళ్ల కథ

ఇంజినీరింగ్ సీట్లు పంచేదీ కౌన్సెలింగే. పండుగకు ముందు రౌడీషీటర్లను స్టేషనుకు పిలిపించి హెచ్చరించేదీ కౌన్సెలింగే. గొడవపడిన ఆలుమగలను ఎదురెదురుగా కూర్చోబెట్టి సర్దిచెప్పినా పత్రికల్లో ఆ మాటే కనిపిస్తుంది. మనసు కుంగిన మనిషితో శిక్షణ పొందిన మరొకరు ఒక పద్ధతి ప్రకారం వారాల తరబడి మాట్లాడుతూ చేసే చికిత్స, అంటే సైకోథెరపీ, దాన్ని కూడా తెలుగువాళ్లం ఈ గంపలోనే వేశాం.

ఈ గందరగోళంతో ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాం. 2025 జూలై 25న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత అది కుదరదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల అమ్మాయి 2023లో మరణించిన కేసు అది. దర్యాప్తును సీబీఐకి అప్పగించిన కోర్టు, అంతటితో ఆగకుండా దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. వంద, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ కనీసం ఒకరుండాలని అందులో ఉంది. వీధికో జూనియర్ కాలేజీ ఉన్న విజయవాడ, హైదరాబాద్‌లలో ఈ లెక్కన ఎంతమంది కావాలో ఊహించుకోవచ్చు. మరి ఆ అర్హత ఏమిటి? ఎవరిస్తారు?

ఈ ప్రశ్న వయసు వందేళ్లు. కలకత్తాలో గిరీంద్రశేఖర్ బోస్ అనే వైద్యుడు 1921లో మనస్తత్వశాస్త్రంలో డాక్టరేటు అందుకుని, మరుసటి ఏడాదే భారత మనోవిశ్లేషణ సంఘాన్ని స్థాపించాడు. మనిషిని మాట్లాడించి, అతనికే తెలియని లోపలి సంఘర్షణలను వెలికితీసే ఫ్రాయిడ్ పద్ధతే మనోవిశ్లేషణ. వియన్నాలోని ఫ్రాయిడ్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపాడే గానీ ఆయన్ను ఎన్నడూ కలవలేదు. అదే కాలంలో బెర్లిన్‌లో మనోవిశ్లేషకుల శిక్షణకు ఒక పద్ధతి ఏర్పడుతోంది. పాఠాలు చదవాలి, తాను స్వయంగా విశ్లేషణకు కూర్చోవాలి, మొదటి కేసులు అనుభవజ్ఞుడి పర్యవేక్షణలో చూడాలి. ఈ మూడో షరతే అసలైనదని నా అభిప్రాయం. మన తొలి తరానికి దక్కనిది కూడా అదే. బోస్‌కు గురువులు పుస్తకాలు, ఉత్తరాలే. తప్పు పట్టడానికి పక్కన ఎవరూ లేరు.

ఆ లోటును ప్రభుత్వం పూడ్చబోయింది. దేశ జనాభా నలభై కోట్లు ఉన్న రోజుల్లో మానసిక ఆస్పత్రుల పడకలు పదివేల పైచిలుకు మాత్రమేనని దేశ ఆరోగ్య పరిస్థితిని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946 నాటి నివేదికలో చెప్పింది. శిక్షణకు ప్రత్యేక సంస్థ కావాలని కోరింది. అలా 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలసింది. 1974లో అక్కడి మానసిక ఆస్పత్రితో కలిసి నిమ్హాన్స్ అయింది అదే. 1955లో అక్కడ మొదలైన మెడికల్ అండ్ సోషల్ సైకాలజీ డిప్లొమా తర్వాత ఎం.ఫిల్‌గా మారింది. ఈ దేశంలో క్లినికల్ సైకాలజిస్టు, అంటే మానసిక రోగులను పరీక్షించి మందులతో కాక మాటలతో చికిత్స చేసే నిపుణుడు అంటే, చాలాకాలం ఆ రెండేళ్ల చదువు చదివినవారే. వార్డులో తిరగడం, రోగి చరిత్ర రాయడం, రాసింది సీనియర్ ముందు పెట్టి చీవాట్లు తినడం, ఇదీ ఆ చదువు. బలం అక్కడే ఉంది, బలహీనతా అక్కడే ఉంది. ఆస్పత్రి చుట్టూ అల్లుకున్న శిక్షణ కాబట్టి తెలివితేటల పరీక్షలకు, సిరామరకలు చూపించి ఏం కనిపిస్తోందని అడిగే పరీక్షలకు దక్కిన పెద్దపీట మాటలతో చేసే చికిత్సకు దక్కలేదు. పర్యవేక్షించే పెద్దలు కొద్దిమందే కాబట్టి సీట్లూ కొన్నే.

చికిత్స మన మనుషులకు తగినట్లుందా అన్న అనుమానం కూడా ఆ గోడల మధ్యే పుట్టింది. ఎన్.సి. సూర్య, ఎస్.ఎస్. జయరాం 1964లో రాసిన వ్యాసం ఇప్పటికీ చర్చకు వస్తుంది. తన లోపలి సంఘర్షణలను తవ్వి చూసుకోవడం కన్నా, ఉన్న పరిస్థితిలో చేయూత దొరకడమే ఇక్కడి రోగి ఎక్కువగా కోరుకుంటాడని వాళ్లు గమనించారు. 1973లో జస్వంత్ సింగ్ నేకీ అనే మానసిక వైద్యుడు ఇంకో అడుగు వేసి, గురుశిష్య బంధమే మన చికిత్సకు నమూనా ఎందుకు కాకూడదని అడిగాడు. అమృత్‌సర్‌లో విద్యాసాగర్ అనే మానసిక వైద్యుడు అంతకుముందే, 1950లలో, ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి కుటుంబాలను రోగి దగ్గరే ఉంచాడు. ఈ ఆలోచనలు పాఠ్యక్రమంలోకి ఎంత ఇంకాయన్నది వేరే సంగతి. తెలుగు రోగి ‘బెంగ’ అంటాడు, ‘గుండె దడ’ అంటాడు, ‘ఏమీ తోచడం లేదు’ అంటాడు. వినేవాళ్లు చదివింది మాత్రం ఇంగ్లిషులో. ఆ రెంటి మధ్య వంతెన ఎవరికి వారే కట్టుకోవాలి.

ఇక చట్టం. ఇక్కడ కథ విచిత్రమైన మలుపు తిరుగుతుంది. వికలాంగుల పునరావాస నిపుణుల కోసం 1986లో ఏర్పడిన భారత పునరావాస మండలికి 1992 చట్టం అధికారాలిచ్చింది. మరుసటి ఏడాది అది అమలులోకి వచ్చింది. వినికిడి నిపుణులు, ప్రత్యేక ఉపాధ్యాయులతో పాటు క్లినికల్ సైకాలజిస్టులూ ఆ మండలి రిజిస్టరులో చేరారు. అంటే, మనసుకు వైద్యం చేసేవారికి గుర్తింపు వచ్చింది గానీ ఆరోగ్య శాఖ నుంచి కాదు, వైకల్య పునరావాసం దారిలో. రిజిస్ట్రేషన్ లేకుండా వృత్తి చేస్తే ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ వెయ్యి రూపాయలకు ఇప్పుడెవరు భయపడతారు?

పైగా ఈ కంచె క్లినికల్ సైకాలజిస్టు చుట్టూనే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా క్లినికల్ సైకాలజిస్టు ఎవరో వివరంగా నిర్వచించింది. పర్యవేక్షణతో కూడిన రెండేళ్ల పూర్తికాల శిక్షణ అన్న షరతునూ రాసింది. కౌన్సెలర్ ఎవరో మాత్రం నిర్వచించలేదు. వారాంతపు కోర్సు సర్టిఫికెట్‌తో గది అద్దెకు తీసుకుని బోర్డు పెట్టినవారూ, రెండేళ్లు వార్డులో నలిగినవారూ జనం కంటికి ఒకేలా కనిపించడానికి ఈ ఖాళీయే కారణం.

2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ఈ ఖాళీని గుర్తించింది. పునరావాస మండలి పరిధిలోని క్లినికల్ సైకాలజిస్టులను మినహాయించి మిగతా సైకాలజిస్టులను, కొన్ని రకాల కౌన్సెలర్లను తన జాబితాలో చేర్చింది. ఒకే వృత్తికి రెండు గొడుగులు! రాష్ట్రాలు తమ మండళ్లను ఏర్పాటు చేయడంలో ఎంత నిదానించాయంటే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు గడువు పెట్టాల్సి వచ్చింది.

ఈలోగా ఉన్న ప్రధానమైన నిచ్చెననూ కదిపారు. కొత్త విద్యావిధానం ఎం.ఫిల్‌ను రద్దు చేసింది. పరిశోధన డిగ్రీగా దాన్ని ఎత్తేయడంలో అర్థముంది. కానీ క్లినికల్ సైకాలజీలో ఎం.ఫిల్ పేరుకే పరిశోధన, నిజానికి వృత్తి శిక్షణ. ఎం.ఫిల్‌కు గుర్తింపు లేదని 2023 డిసెంబరులో ప్రకటించిన యూజీసీ, నెల తిరగకుండానే క్లినికల్ సైకాలజీకి, సైకియాట్రిక్ సోషల్ వర్క్‌కు 2025-26 విద్యా సంవత్సరం దాకా సడలింపు ఇచ్చుకోవాల్సి వచ్చింది.

డిగ్రీల లెక్క ఇలా ఉండగా, గోవాలో జరిగిన ఒక పరిశోధన వేరే సంగతి చెప్పింది. మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 495 మందితో చేసిన అధ్యయనం 2016 చివర్లో వెలువడింది. చికిత్స చేసినవారు సైకాలజిస్టులు కారు, కొద్దిపాటి శిక్షణ పొందిన మామూలు మనుషులు. ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. మూడు నెలలకు, మామూలు వైద్యం పొందినవారిలో 39 శాతం మంది కోలుకుంటే, ఈ చికిత్స కూడా పొందినవారిలో 64 శాతం మంది కోలుకున్నారు. దీన్ని చూపించి ‘డిగ్రీ అక్కర్లేదన్నమాట’ అని సంబరపడేవారు ఒక వివరం వదిలేస్తారు. ఆ కౌన్సెలర్లు తమ సంభాషణలను రికార్డు చేసి, కలిసి విని, ఒకరి పనికి ఒకరు మార్కులు వేసుకునేవారు. బోస్‌కు కలకత్తాలో దొరకనిది వాళ్లకు గోవాలో దొరికింది.

ఆరోగ్య రంగానికి చెందిన కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపరాదని 2025లో యూజీసీ ఆదేశించింది. అందులో సైకాలజీ కూడా ఉంది. ఉద్యోగం చేసుకుంటూ, ఇగ్నో వంటి దూరవిద్య సంస్థల్లో ఎం.ఏ. సైకాలజీ పూర్తి చేసి కౌన్సెలర్లయినవారు తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. కోర్టు తీర్పు చూసి కాలేజీలు వెతికేది ఎక్కువగా వీరినే. ఒక ప్రిన్సిపాలు వీరిని నియమించుకుంటాడు, స్టోర్‌రూము పక్కన ఒక గది చూపిస్తాడు. మొదటి వారంలోనే ఏడుస్తూ ఒక పిల్ల వచ్చి కూర్చుంటుంది. ఆ సాయంత్రం ఆ కౌన్సెలర్ తాను విన్నది, అన్నది ఏ పెద్ద ముందు పెట్టి ‘సరిగానే చేశానా’ అని అడగాలి?