సాఫ్ట్ సింథ్‌లో బరువెక్కడుంది? నాణ్యతకూ ప్రాసెసర్‌కూ మధ్య లెక్క

టాస్క్ మేనేజర్ తెరిస్తే ప్రాసెసర్ వాడకం 20 శాతమే చూపిస్తుంది. పాట మాత్రం చిటపటమంటూ తెగిపోతుంటుంది. కొత్తగా సాఫ్ట్‌వేర్ సింథసైజర్ (కంప్యూటర్‌లోనే శబ్దాన్ని పుట్టించే వాయిద్యం) వేసుకున్నవాళ్లు ఇక్కడే తికమకపడి, ఆ సింథ్ పనికిరాదనో ల్యాప్‌టాప్ మార్చాలనో తేల్చేస్తారు. రెండూ తొందరపాటే.

ఆడియోలో సగటు వాడకం కంటే గడువు ముఖ్యం. శాంపిల్ రేటు 48,000 హెర్ట్జ్ అంటే సెకనుకు శబ్దపు 48,000 కొలతలు (శాంపిళ్లు). అందులో బఫర్, అంటే ఒక విడత పరిమాణం, 128 శాంపిళ్లు పెట్టుకుంటే, ప్రాసెసర్ ప్రతి 2.67 మిల్లీసెకన్లకూ ఒక విడత శబ్దాన్ని లెక్కకట్టి సౌండ్ కార్డుకు అందించాలి. వెయ్యి విడతలు వేళకు అంది ఒక్కటి ఆలస్యమైనా, అక్కడ టప్పుమని వినిపిస్తుంది. పైగా ఒక ట్రాక్‌లో సింథ్, దాని తర్వాత ఈక్యూ (హెచ్చు, తగ్గు పౌనఃపున్యాల పాళ్లు మార్చేది), ఆ తర్వాత రెవర్బ్ (గది ప్రతిధ్వనిని జోడించేది) ఉంటే, ముందుదాని ఫలితం వచ్చేదాకా తర్వాతిది ఆగాల్సిందే. కాబట్టి ఆ వరుసంతా మామూలుగా ఒకే కోర్ మీద నడుస్తుంది. ఎనిమిది కోర్ల కంప్యూటర్‌లో ఒక కోర్ పూర్తిగా నిండినా మొత్తం లెక్కలో అది 12.5 శాతమే. అందుకే నమ్మాల్సింది రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే ఆడియో మీటర్‌ను.

ఇక బరువు ఎక్కడినుంచి వస్తుంది? మొదటి ముద్దాయి వాయిస్‌ల సంఖ్య, అంటే ఒకేసారి మోగే స్వరాల లెక్క. ఒక ప్యాడ్ (వెనక నిలిచి మోగే మెత్తటి శబ్దం) ప్రీసెట్ (ముందే అమర్చిన సెట్టింగులు) తీసుకుందాం. నాలుగు స్వరాల కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు), రెండు సెకన్లకొకసారి మారుతుంది. రిలీజ్ (వేలు తీశాక శబ్దం ఆరిపోయే సమయం) ఆరు సెకన్లు. వేలు తీసినా పాత స్వరాలు ఆరు సెకన్లపాటు బతికే ఉంటాయి కనుక, ఏ క్షణంలో చూసినా పట్టుకున్న కార్డు ఒకటి, ఆరిపోతున్నవి మూడు. అంటే 16 వాయిస్‌లు. ఒక్కో వాయిస్‌లో రెండు ఆసిలేటర్లు (తరంగాన్ని పుట్టించే భాగాలు), ఒక్కోదానికి యూనిసన్ 7 (అదే స్వరానికి ఏడు నకళ్లు) పెడితే 224 ఆసిలేటర్లు ఒకేసారి తిరుగుతున్నట్టు. రిలీజ్‌ను రెండు సెకన్లకు తగ్గించి, ఆ తోకను రెవర్బ్‌తో పూరిస్తే అవి 112కు దిగుతాయి. వెనక వాయిద్యాలు నిండుగా ఉన్న పాటలో ఈ తేడాను పట్టుకోగలిగే శ్రోత అరుదు. యూనిసన్ 7ను 4 చేసినా అంతే. ప్రీసెట్లు తయారుచేసేవాళ్లు ఒంటరిగా మోగించినప్పుడు అదిరిపోవాలని అన్నీ పెంచేస్తారు. పాటలోకి తెచ్చుకున్నాక తగ్గించుకోవాల్సిన పని మనదే.

రెండోది ఏలియాసింగ్. నాణ్యత కోసం ప్రాసెసర్ నిజంగా చెమటోడ్చేది ఇక్కడ. 48,000 హెర్ట్జ్ శాంపిల్ రేటులో 24,000కు పైనున్న పౌనఃపున్యాలకు చోటు లేదు. ఉన్నా అవి మాయమైపోవు, మడతపడి కిందికి వస్తాయి. 2,500 హెర్ట్జ్ సాటూత్ (రంపపు పళ్ల ఆకారపు) తరంగాన్ని ఏ జాగ్రత్తా లేకుండా గీస్తే, దాని 19వ హార్మోనిక్ (మూల పౌనఃపున్యానికి 19 రెట్లు) 47,500 దగ్గర పడాలి. 48,000లోంచి అది పోగా మిగిలిన 500 హెర్ట్జ్ దగ్గర అది వినిపిస్తుంది. అసలు స్వరం కంటే కింద, అక్కడ ఉండకూడని కూత అది. బలం అసలు స్వరం కంటే సుమారు 26 డెసిబెల్స్ తక్కువ. చెవికి దొరకడానికి అది చాలు. ఇప్పుడు స్వరాన్ని 2,520కి జార్చితే ఆ కూత 120కి పడిపోతుంది. అంటే స్వరం పైకి వెళ్తుంటే నీడ కిందికి దిగుతుంది. పిచ్ బెండ్ చక్రంతో కీబోర్డు మీద గమకాలు పలికించేవాళ్లకు ఈ లోపం అందరికంటే ముందు తెలిసిపోతుంది. సింథ్‌ను పరీక్షించడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు: పై ఆక్టేవ్‌లో ఒక సాటూత్ స్వరం పట్టుకుని, చక్రం నెమ్మదిగా తిప్పుతూ, ఎదురుదిశలో జారే శబ్దముందేమో వినడం.

దీనికి మందు ఓవర్‌శాంప్లింగ్ (సింథ్ లోపల మరింత ఎక్కువ శాంపిల్ రేటులో లెక్కకట్టడం) అని అందరూ అంటారు. సగమే నిజం. పై ఉదాహరణలో రెట్టింపు రేటుకు, అంటే 96,000కు వెళ్లినా, 38వ హార్మోనిక్ మడతపడి 1,000 హెర్ట్జ్ దగ్గర తేలుతుంది. కూత బలం 6 డెసిబెల్స్ తగ్గిందంతే, లెక్కల భారం మాత్రం దాదాపు రెట్టింపైంది. అందుకే మంచి సింథ్‌లు హద్దు దాటే హార్మోనిక్స్ ఆసిలేటర్‌లోనే దాదాపు పుట్టకుండా చూస్తాయి. ముందే దాచిన తరంగాల పట్టికలతో పనిచేసే వేవ్‌టేబుల్ సింథ్‌లు స్వరం ఎత్తును బట్టి హార్మోనిక్స్ తగ్గించిన పట్టికలను వాడుకుంటాయి. ఓవర్‌శాంప్లింగ్ నిజంగా అవసరమయ్యేది కొత్త హార్మోనిక్స్ పుట్టించే చోట: డిస్టార్షన్ (తరంగం ఆకారాన్ని కావాలనే చెడగొట్టడం), ఫిల్టర్ డ్రైవ్ (ఫిల్టర్‌లోకి సంకేతాన్ని గట్టిగా నెట్టడం), ఎఫ్ఎం (ఒక తరంగంతో ఇంకోదాని పౌనఃపున్యాన్ని కదిలించడం). వైటల్ సింథ్‌లో ఓవర్‌శాంప్లింగ్‌ను 1 నుంచి 8 రెట్ల దాకా మార్చుకోవచ్చు. మెత్తటి ప్యాడ్‌కు 8 పెట్టడం దండగ. డ్రైవ్ గట్టిగా పెంచిన లీడ్‌కు (పాటలో ముందు వినిపించే ప్రధాన వరసకు) 4 పెడితే తేడా వినిపిస్తుంది.

మూడోది ఫిల్టర్, అంటే శబ్దంలో కొన్ని పౌనఃపున్యాలను తగ్గించే భాగం. పాత అనలాగ్ వాయిద్యాల ఫిల్టర్‌లో బయటికొచ్చిన సంకేతం ఏ ఆలస్యమూ లేకుండా తిరిగి లోపలికి వెళ్తుంది. మామూలు డిజిటల్ ఫిల్టర్ ఒక శాంపిల్ ఆలస్యంతో సరిపెట్టుకుంటుంది. రెజొనెన్స్ (కోత హద్దు దగ్గరి పౌనఃపున్యాలను ఎత్తి చూపడం) పెంచి కటాఫ్ (ఆ కోత హద్దు) పైకి జరిపితే శ్రుతి తప్పేది అందువల్లే. ఆ ఆలస్యాన్ని తీసేయాలంటే ప్రతి శాంపిల్‌కూ ఒక సమీకరణాన్ని సాధించాలి. ఫిల్టర్‌లో సాచురేషన్ (బలమైన సంకేతం నలిగి ఆకారం మారడం) కూడా ఉంటే, జవాబు కుదిరేదాకా మళ్లీ మళ్లీ లెక్కకట్టాలి. యూహీ సంస్థ తెచ్చిన డైవా సింథ్ బరువుకు అసలు కారణం ఇదే. అందులో డ్రాఫ్ట్, ఫాస్ట్, గ్రేట్, డివైన్ అని నాలుగు నాణ్యత అంచెలు ఇచ్చారు. రెజొనెన్స్ తక్కువగా, కటాఫ్ కదలకుండా ఉన్న ప్యాడ్‌లో ఫాస్ట్‌కూ డివైన్‌కూ తేడా వెతుక్కోవాలి. ఆసిడ్ బేస్‌లా (కీచుమంటూ జారే బేస్ శబ్దంలా) ఫిల్టర్ కేకపెట్టే చోట మొదటి బార్‌లోనే (తాళపు మొదటి చుట్టులోనే) తెలుస్తుంది. దాని మల్టీకోర్ బటన్ వాయిస్‌లను కోర్ల మధ్య పంచుతుంది కనుక కార్డులకు మేలు. ఒక్క స్వరమే మోగే బేస్‌కు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

కాబట్టి కొనేముందు 'ఏ సింథ్ గొప్పది' అనే ప్రశ్నకంటే, పాటలో అది ఎక్కడ కూర్చుంటుందన్నది తేల్చుకోవాలి. ఎలక్ట్రిక్ పియానో, గంటల శబ్దాలు కావాలంటే ఉచితంగా దొరికే డెక్స్‌డ్ చాలు. 1983 నాటి యమహా డీఎక్స్7 పద్ధతిలో ఆరు సైన్ ఆపరేటర్లతో (సాదా సైన్ తరంగాలు పుట్టించే ఆసిలేటర్లతో) పనిచేస్తుంది, చాలా తేలిక. వెనక నిలిచే ప్యాడ్లకు సర్జ్ ఎక్స్‌టీ లాంటి ఓపెన్ సోర్స్ సింథ్ సరిపోతుంది. బరువైన అనలాగ్ నమూనాలను పాటంతా పరిచేయకుండా ముందు వినిపించే లీడ్‌కూ బేస్‌కూ ఉంచుకోవడం మేలు.

పోల్చేటప్పుడు కొలతలు ఒకేలా ఉండాలి. 48,000 హెర్ట్జ్, బఫర్ 128, ఖాళీ ప్రాజెక్టు, ఒకే ఎనిమిది స్వరాల మిడి క్లిప్ (ఏ స్వరం ఎప్పుడు మోగాలో చెప్పే సూచనలు). సింథ్‌లోని రెవర్బ్, కోరస్ ఆపేసి ఒకసారి, వేసి ఒకసారి మీటర్ చూడాలి. కొన్ని ప్రీసెట్లలో బరువు ఎక్కువగా ఆ ఎఫెక్టులదే. నాణ్యత అంచెలను పోల్చాలంటే రెండు రకాలుగా ఎక్స్‌పోర్ట్ చేసి, శబ్ద మట్టం సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా వినాలి. అర డెసిబెల్ ఎక్కువున్నదే బాగుందనిపించే గుణం చెవికి ఉంది. ఒకదాని తరంగాన్ని తలకిందులు చేసి రెండోదానితో కలిపి, మిగిలినదే తేడా అనుకునే పరీక్ష ఇక్కడ చెల్లదు. ఆసిలేటర్ ప్రతిసారీ వేరే ఫేజ్‌లో (తరంగపు చుట్టులో వేరే చోట) మొదలైతే, ఒకే సెట్టింగుతో చేసిన రెండు ఎక్స్‌పోర్ట్‌లు కూడా కలవవు.

శబ్దం ఆరిపోయాక మీటర్ తగ్గకుండా పెరుగుతోందా? అది కొన్ని పాత ఉచిత ప్లగిన్ల జబ్బు. సున్నాకు దగ్గరగా చేరిన అతిచిన్న సంఖ్యలను లెక్కించడానికి కొన్ని ప్రాసెసర్లకు మామూలుకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. అలాంటి ప్లగిన్‌ను వదిలేయడమే మంచిది.

వాయించేటప్పుడు బఫర్ 128, మిక్సింగ్‌లో 1,024 పెట్టుకుంటే గడువు 2.67 నుంచి 21.3 మిల్లీసెకన్లకు పెరుగుతుంది. శాంపిల్ రేటు 96,000 చేస్తే మాత్రం అదే 128 శాంపిళ్లకు గడువు సగమై 1.33 మిల్లీసెకన్లే మిగులుతుంది. క్యూబేస్, రీపర్ లాంటివి వాయించని ట్రాకులను ముందుగానే లెక్కకట్టి పెట్టుకుంటాయి. ఎర్ర రికార్డ్ బటన్ నొక్కి రికార్డుకు సిద్ధం చేసిన ట్రాక్‌కు ఆ వెసులుబాటు ఉండదు. కాబట్టి వాయించడం అయ్యాక ఆ ఎర్ర బటన్ ఆపేస్తే చిటపటలు చాలాసార్లు అక్కడితోనే ఆగుతాయి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి, విండోస్ పవర్ ప్లాన్‌ను ఎక్కువ వేగమిచ్చేదానికి మార్చి, గాలి ఆడే చోట ఉంచాలి. ఎండాకాలం గదిలో ప్రాసెసర్ వేడెక్కి వేగం తగ్గించుకుంటే, పొద్దున సాఫీగా నడిచిన ప్రాజెక్టే మధ్యాహ్నం తెగుతుంది.

ఖరారైన ప్యాడ్లను ఫ్రీజ్ చేయండి, అంటే తాత్కాలికంగా ఆడియోగా మార్చి సింథ్‌కు విరామమివ్వండి. ఫ్రీజ్‌కు ముందు క్లిప్ చివర రిలీజ్‌కు, రెవర్బ్‌కు సరిపడా ఖాళీ ఉందో లేదో చూసుకోండి. లేకపోతే కొన్నిచోట్ల తోక తెగిపోతుంది. ఎక్స్‌పోర్ట్‌కు గడువు లేదు కనుక అక్కడ నాణ్యతను పైఅంచెకు పెంచుకోవచ్చు. కాకపోతే డ్రాఫ్ట్‌లో వింటూ సరిచేసిన రెజొనెన్స్ డివైన్‌లో కాస్త వేరుగా పలకవచ్చు. ఫైనల్ మిక్స్‌కు ముందు ఫిల్టర్ బాగా కదిలే ట్రాకును పైఅంచెలో ఒకసారి ఆడియోగా మార్చి, దాని మీదే మట్టాలు సరిచూసుకోండి.